రైళ్ళు ఆపకుండా రైలు మార్గం కట్టడం ఎలా? – పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

విజయవాడ–గూడూరు మూడో లైను పొడవు 288 కిలోమీటర్లు. 2015–16లో మంజూరైంది, అంచనా 3,246 కోట్ల రూపాయలు. కాజీపేట–విజయవాడ మూడో లైను అంతకు ముందే, 2012–13లో మంజూరైంది. రెండూ కరెంటు తీగలతో సహా వేసేవే. రెండూ దేశంలో బాగా రద్దీగా ఉండే మార్గాల పక్కనే సాగేవి. ఈ పనుల మీద వచ్చిన ఉత్తరాల్లో ఒకే తరహా ప్రశ్నలను కలిపి ఇక్కడ జవాబులిస్తున్నాం.

మా మీదుగా రెండు లైన్లు ఎప్పటినుంచో ఉన్నాయి. 1980 నాటికే కరెంటు కూడా వచ్చింది. ఉన్నవాటిని సరిగ్గా నడుపుకోకుండా మూడోది దేనికి? – ఒంగోలు పాఠకుడు

లైను నిండిపోవడానికి రైళ్ళ సంఖ్య ఒక్కటే కారణం కాదు. అసలు చిక్కు వాటి వేగాల్లో తేడా. అన్నీ ఒకే వేగంతో పోతే చీమలబారులాగా ఒకదాని వెనక ఒకటి పంపొచ్చు. కానీ ఈ మార్గంలో గంటకు 75 కిలోమీటర్ల బొగ్గు గూడ్సూ పోవాలి, 130తో దూసుకొచ్చే ఎక్స్‌ప్రెస్సూ పోవాలి. వంద కిలోమీటర్లకు గూడ్సుకు 80 నిమిషాలు, ఎక్స్‌ప్రెస్‌కు 46 నిమిషాలు. ఈ 34 నిమిషాల తేడాను ఎక్కడో ఒక స్టేషన్‌లో గూడ్సును మెయిన్ లైను పక్కకు మళ్ళే లూప్ లైనులో నిలబెట్టి సర్దాలి.

నిలబెట్టడం చెప్పినంత తేలిక కాదు. బొగ్గు గూడ్సుకు సాధారణంగా 58 వ్యాగన్లు ఉంటాయి. బాక్స్ఎన్ వ్యాగన్ ఒక్కొక్కటి 10.7 మీటర్లు కాబట్టి వ్యాగన్లే 620 మీటర్లు, ఇంజన్లు, బ్రేక్ వ్యాను కలిస్తే 660 దాటుతుంది. లూప్‌లోకి మళ్ళే పాయింట్ల మీద, అంటే బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకు తిప్పే పట్టాల మీద, 30 కిలోమీటర్ల వేగం, అంటే సెకనుకు 8.3 మీటర్లు. బండి తల పాయింటు మీదకు వచ్చాక తోక దాటడానికే 80 సెకన్లు. దానికి ముందు వేగం తగ్గించుకునే సమయం, తోక దాటాక పాయింట్లు మళ్ళీ మెయిన్ లైనుకు కలిపి సిగ్నల్ ఇచ్చే సమయం. ఇదంతా వెనక ఎక్స్‌ప్రెస్ లోకో పైలట్‌కు పసుపు లైటు కనిపించక ముందే అయిపోవాలి. ఎక్స్‌ప్రెస్ దాటిపోయాక ఐదు వేల టన్నుల బండి నిలబడ్డ చోటి నుంచి మళ్ళీ వేగం పుంజుకోవాలి, ఈలోగా ఇంకో ఎక్స్‌ప్రెస్ వచ్చేస్తుంది. గూడ్సు రోజంతా ఇలా ఆగుతూ లేస్తూ నడుస్తుంది.

మూడో లైనుతో ఈ నెమ్మది బళ్ళు చాలావరకు పక్కకు పోతాయి. దానికన్నా ముఖ్యమైనదీ, పత్రికల్లో పెద్దగా రానిదీ ఇంకో లాభం ఉంది. ఒక లైనును మూడు గంటలు మూసి మరమ్మతు చేసుకునే వీలు దొరుకుతుంది. రైల్వే భాషలో దీన్ని బ్లాకు అంటారు. రెండు లైన్ల మీద బ్లాకు దొరకడం కరువు సీమలో వాన దొరకడం లాంటిది. కింద మీరు చదివే చాలా జవాబుల్లో అసలు ఇబ్బంది ఈ బ్లాకు దగ్గరే తేలుతుంది.

యార్డు పనులు, ఎన్ఐ వర్క్ అంటూ వారం, పది రోజులు రైళ్ళు రద్దు చేస్తారు. మూడో లైను పక్కన వేసుకుంటూ పోతే సరిపోదా? రాత్రిపూట చేసుకోకూడదా? – తెనాలి, చీరాల, ఖమ్మం నుంచి పలువురు

స్టేషన్ల మధ్య కొత్త లైను చాలావరకు రైళ్ళను ఆపకుండానే వేస్తారు. చిక్కంతా అది స్టేషన్‌లోకి వచ్చి పాత లైన్లతో కలిసే చోట.

ముందుగా ఇంటర్‌లాకింగ్ అంటే ఏమిటో చూద్దాం. స్టేషన్ మాస్టర్ ఒక రైలుకు పచ్చలైటు ఇవ్వాలంటే ఆ దారిలోని ప్రతి పాయింటూ సరైన వైపు తిరిగి గట్టిగా బిగుసుకుని ఉండాలి, దారి ఖాళీగా ఉండాలి, దానికి అడ్డొచ్చే వేరే దారి ఏదీ ఇచ్చి ఉండకూడదు, దారిలో లెవెల్ క్రాసింగ్ ఉంటే గేటు మూసి ఉండాలి. వీటిలో ఒక్కటి కుదరకపోయినా సిగ్నల్ ఎర్రగానే ఉంటుంది. ఈ తర్కమంతా పాత స్టేషన్లలో రిలేలనే విద్యుత్ స్విచ్‌లలో, కొత్తవాటిలో ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ కంప్యూటర్లలో ఉంటుంది. మూడో లైను యార్డులోకి రాగానే కొత్త పాయింట్లు, కొత్త సిగ్నళ్ళు, కొత్త దారులు పుట్టుకొస్తాయి. పాత తర్కం వాటికి పనికిరాదు. పాతది పీకి కొత్తది పెట్టే ఆ నడిమి రోజులే నాన్ ఇంటర్‌లాకింగ్, ఎన్ఐ.

ఆ రోజుల్లో యార్డు చేత్తో నడుస్తుంది. ప్రతి పాయింటునూ క్లాంపుతో బిగించి తాళం వేస్తారు, పక్కన జెండా పట్టుకుని ఒక మనిషి ఉంటాడు. లోకో పైలట్‌కు కాగితం మీద అనుమతి రాసి ఇస్తారు. పాయింట్ల మీద వేగం 15 కిలోమీటర్లు. మామూలు రోజుల్లో ఒక బటన్‌తో అరనిమిషంలో అయ్యే దారికి తాళాలు తీసి, తిప్పి, మళ్ళీ బిగించి, ఫోన్‌లో చెప్పుకుని, కాగితం రాసి ఇచ్చేదాకా ఆగాలి. అన్ని రైళ్ళూ నడపాలని చూస్తే స్టేషన్‌కు రెండు వైపులా బారులు తీరిపోతాయి. అందుకే ముందే కొన్ని రద్దు చేస్తారు, కొన్నింటిని దారి మళ్ళిస్తారు.

ఈ పని రాత్రి నాలుగు గంటల్లో కుదరదు. ఎన్ఐకి ముందు వారాలలో పాత లైనును చిన్నచిన్న బ్లాకుల్లో కోసి కొత్త పాయింట్లు చొప్పిస్తారు. ఒక పాయింటు సెట్‌ను పక్కన నేల మీదే ముందుగా కూర్చి, యంత్రంతో ఎత్తి తెచ్చి పెడతారు. ఈ దశ రాత్రి బ్లాకుల్లో జరుగుతుంది. తర్వాత వచ్చేదే అసలు దశ, పరీక్ష. కంట్రోల్ టేబుల్ అనే పట్టికలో రాసిన ప్రతి దారినీ ఇచ్చి చూడాలి. అంతకన్నా ముఖ్యంగా, ఇవ్వకూడని ప్రతి దారీ నిజంగా రాకుండా ఉందో లేదో చూడాలి. ప్యానెల్ మీద ఫలానా పాయింటు నార్మల్ అని చూపిస్తుంటే, నేల మీద అదే పాయింటు అదే వైపు ఉందని మనిషి అక్కడ నిలబడి చెప్పాలి. దీన్ని కరెస్పాండెన్స్ టెస్ట్ అంటారు. పెద్ద యార్డులో వందలాది దారులు ఉంటాయి, కాబట్టి రోజులు పడుతుంది.

తొందరపడితే ఏమవుతుందో 2023 జూన్ 2న ఒడిశాలోని బహనగా బజార్ చూపించింది. ఇటు విజయవాడ మీదుగా చెన్నై వెళ్ళే కోరమాండల్ ఎక్స్‌ప్రెస్‌కు మెయిన్ లైనుకు సిగ్నల్ ఇచ్చి ఉంది. పాయింట్లు మాత్రం లూప్ వైపు ఉన్నాయి. బండి వెళ్ళి నిలిచి ఉన్న గూడ్సును ఢీకొంది. 290 మందికి పైగా చనిపోయారు. అక్కడి సిగ్నల్ సర్క్యూట్‌లో గతంలో చేసిన మార్పులోనూ, ఆ రోజు లెవెల్ క్రాసింగ్ గేటు మార్చే పనిలోనూ లోపాలు జరిగాయని రైల్వే భద్రతా కమిషనర్ విచారణ తేల్చింది. ఎన్ఐ రోజులు తగ్గించమని అడిగేవాళ్ళు బోల్టులు త్వరగా బిగించమని అడిగితే తప్పులేదు. పరీక్షలు తగ్గించమని మాత్రం అడక్కూడదు.

పక్కన రెండు లైన్ల మీద కరెంటు రైళ్ళు పోతుండగానే మూడో లైనుకు స్తంభాలు, తీగలు ఎలా వేస్తారు? కరెంటు ఇంకా ఇవ్వని కొత్త తీగ కూడా షాక్ కొడుతుందంటారు, నిజమేనా? – కావలి నుంచి డిప్లొమా విద్యార్థి

నిజమే, ముందు దానికే జవాబు చెబుతాం. పక్కనే 25 వేల వోల్టుల తీగ కొన్ని కిలోమీటర్లు సమాంతరంగా పోతుంటే, ఎక్కడా కలపని కొత్త తీగలో కూడా వోల్టేజి పుడుతుంది. అది మనిషిని చంపగలిగేంత ఉంటుంది. ‘ఇంకా ఛార్జి చేయలేదు కదా’ అనే నమ్మకమే ఈ పనిలో అన్నిటికన్నా ప్రమాదకరం.

అందుకే పద్ధతి ఇలా ఉంటుంది. స్టేషన్ మాస్టర్, సెక్షన్ కంట్రోలర్ల నుంచి రైళ్ళు రాకుండా ట్రాఫిక్ బ్లాకు, ట్రాక్షన్ పవర్ కంట్రోలర్ నుంచి కరెంటు ఆపే పవర్ బ్లాకు, రెండూ తీసుకోవాలి. ఒకటి ఉంటే రెండోది ఉన్నట్టు కాదు. పవర్ కంట్రోలర్ దూరం నుంచే స్విచ్‌లు తెరిచి, కరెంటు ఆపినట్టు నంబరుతో సహా సందేశం ఇస్తాడు. చేత్తో తిప్పే ఐసోలేటర్లనే స్విచ్‌లను తెరిచి తాళం వేస్తారు. తర్వాత పని జరిగే చోటుకు రెండు వైపులా, తీగలోని కరెంటును నేలకు దించే డిశ్చార్జి రాడ్లు తగిలించాలి. ముందు రాడ్డు కింది కొసను పట్టాకు బిగించి, ఆ తర్వాతే కొక్కేన్ని తీగకు తగిలించాలి. తీసేటప్పుడు ముందు తీగ నుంచి కొక్కెం, తర్వాత పట్టా నుంచి బిగింపు. ఈ వరస తప్పితే రాడ్డు పట్టుకున్న మనిషి గుండానే కరెంటు నేలకు దిగుతుంది. రాతపూర్వకంగా పర్మిట్ టు వర్క్ చేతికి వచ్చాకే, తీగ దాకా మనుషుల్ని చేర్చే టవర్ వ్యాగన్ ఎక్కాలి.

ఇంకో మోసం ఉంది. ఆపేసిన భాగానికీ ఛార్జి ఉన్న భాగానికీ మధ్య అర మీటరు గాలి సందు ఉంటుంది. పొరపాటున ఒక ఎలక్ట్రిక్ ఇంజను ఆ సందు కిందికి వస్తే దాని నెత్తిన తీగను తాకుతూ ఉండే చట్రం, పాంటోగ్రాఫ్, రెండింటినీ కలిపేస్తుంది. చచ్చిపడి ఉన్న తీగ ఆ క్షణంలో బతుకుతుంది. అందుకే పవర్ బ్లాకు ఉన్న లైనులోకి ఎలక్ట్రిక్ ఇంజన్లు రాకుండా స్టేషన్‌లో గట్టి ఏర్పాటు ఉండాలి.

ఇక స్తంభాల సంగతి. రైల్వే వాళ్ళు వీటిని మాస్టులు అంటారు. కొత్త లైను నడిమధ్య నుంచి పాత లైను నడిమధ్యకు కనీసం 5.30 మీటర్లు ఉండాలని నియమం. కానీ పాత లైను మాస్టు దాని నడిమధ్య నుంచి 2.80 మీటర్ల దూరంలో నిలబడి ఉంటుంది. కొత్త లైనుకూ అంతే దూరం కావాలి. మాస్టు మందం కూడా కలిపితే 5.80 దగ్గరికి వస్తుంది. కాబట్టి లైన్ల మధ్య దూరం పెంచాలి, లేకపోతే పాత మాస్టులు పీకి వేరేచోట పాతాలి. దూరం పెంచితే భూమి కావాలి, మాస్టు మార్చాలంటే మళ్ళీ బ్లాకు కావాలి. స్టేషన్లలో మూడు నాలుగు లైన్ల మీదుగా ద్వారబంధంలాగా పోర్టల్ కట్టేది అందుకే.

పని వరస ఇలా ఉంటుంది: పునాది, మాస్టు, దాని మీద తీగలను పట్టుకునే కాంటిలివర్ చేయి, పైన బరువు మోసే కేటనరీ తీగ, కింద పాంటోగ్రాఫ్ ఆనే కాంటాక్ట్ తీగ, రెండింటినీ కలిపే 5 మిల్లీమీటర్ల రాగి డ్రాపర్లు, చివర కరెంటు తిరిగి వెళ్ళే దారిని కలిపే బాండ్లు, కొలతలు. కాంటాక్ట్ తీగ 107 చదరపు మిల్లీమీటర్ల గట్టి రాగి. కిలోమీటరున్నర తీగ బరువు దాదాపు 1.4 టన్నులు. కొత్త రాగి లాగేకొద్దీ కొంత సాగుతుంది కాబట్టి లాగిన రోజే డ్రాపర్లు తుది కొలతకు బిగించేస్తే తర్వాత తీగ అలలు అలలుగా తయారవుతుంది. మాస్టును కూడా మొదట నిలువుగా కాక పట్టాకు కాస్త వెనక్కి వాల్చి పాతుతారు. తీగల బరువు పడ్డాక అదే నిటారుకు వస్తుంది. రైల్లోంచి చూసి ‘స్తంభం వంకరగా పాతారు’ అనుకునేవాళ్ళకు ఇదే జవాబు.

పునాదులు తవ్వేటప్పుడే పని ఎక్కువగా ఆగిపోతుందని విన్నాను. నేల గట్టిగా ఉండటం వల్లా? – పల్నాడు జిల్లా నుంచి ఒక కాంట్రాక్టర్

గట్టి నేల ఫరవాలేదు. తంటా నల్లరేగడితోనే. వానకు ఉబ్బి, ఎండకు నెర్రెలిచ్చే ఆ మట్టిలో మామూలు పునాది వేస్తే రెండు మూడేళ్ళలో మాస్టు వాలుతుంది. మాస్టు కొద్దిగా వాలినా పైన తీగ చోటు మారిపోతుంది. రేగడికి పునాది లోతు, ఆకారం వేరే ఉంటాయి. ఒకే డ్రాయింగుతో వంద కిలోమీటర్లు పోయినచోట్లే తర్వాత మళ్ళీ తవ్వుకోవాల్సి వస్తుంది. పునాది ఎండాక దాని పైన, మాస్టు అడుగున వాలుగా కాంక్రీటు టోపీ పెట్టాలి. దాన్ని మఫ్ అంటారు. అది లేకపోతే నీరు నిలిచి, ఉక్కు సరిగ్గా నేల మట్టం దగ్గరే తుప్పు పడుతుంది. చూడ్డానికి చిన్న పనే, చాలాచోట్ల చివరికి వాయిదా పడేదీ ఇదే.

పని ఆగిపోయేది మాత్రం కేబుళ్ళ వల్ల. పాత లైను పక్కన సిగ్నల్ కేబుళ్ళు, ఫైబర్ కేబుళ్ళు ఒక మీటరు లోతున పోతుంటాయి. కాగితం మీద ఒకచోట, నేలలో ఇంకోచోట ఉంటాయి. జేసీబీ పన్ను ఒక్కసారి తగిలిందంటే సిగ్నళ్ళన్నీ ఎర్రబడి రెండు వైపులా రైళ్ళు నిలిచిపోతాయి. సిగ్నల్ శాఖ మనిషి వచ్చి కేబుల్ దారి చూపి సంతకం చేశాకే యంత్రం దింపాలి. ఆ దారికి అడ్డంగా ముందు పారతో ఒక చిన్న గాడి తవ్వి కేబుల్‌ను కళ్ళతో చూడాలి. గంట ఆలస్యమైతే అవనీ.

తీగ సూటిగా కాకుండా అటూ ఇటూ వంకరగా ఎందుకు పోతుంది? కొన్ని స్తంభాలకు వేలాడే ఆ బరువులు ఎందుకు? – గుంటూరు నుంచి పదో తరగతి విద్యార్థిని

తీగ సూటిగా ఉంటే పాంటోగ్రాఫ్ మీదున్న కార్బన్ పట్టీని ఒకే చోట రంపంలా కోసేస్తుంది. అందుకే ఒక మాస్టు దగ్గర నడిమధ్య నుంచి 20 సెంటీమీటర్లు ఎడమకు, తర్వాతి మాస్టు దగ్గర 20 సెంటీమీటర్లు కుడికి లాగుతారు. వంపుల్లో 30 దాకా పోతుంది. రైలు పరిగెత్తేటప్పుడు పట్టీ అంతటా సమానంగా అరుగుతుంది. తీగ కూడా అరుగుతుంది. కొత్తది 12.24 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. మెయిన్ లైనులో 8.25కి వస్తే మార్చేయాలి.

బరువుల సంగతి లెక్కతో చూద్దాం. తీగను సుమారు 1,500 మీటర్ల ముక్కలుగా వేసి, ఒక్కో ముక్కను నడిమధ్యన కదలకుండా కట్టేస్తారు. రెండు కొసలకూ కప్పీల మీదుగా బరువులు వేలాడదీస్తారు. రాగి ఒక డిగ్రీ వేడికి పది లక్షల్లో 17 వంతులు సాగుతుంది. తెల్లవారుజాము చలికీ, మే నెల మిట్టమధ్యాహ్నం ఎండలో కాగిన తీగకూ 50 డిగ్రీల తేడా అనుకోండి. 750 మీటర్ల సగం ముక్క 64 సెంటీమీటర్లు సాగుతుంది. కప్పీ ఒకటికి ఐదు నిష్పత్తిలో ఉంటే బరువు 3.2 మీటర్లు కిందికి దిగుతుంది. కేటనరీ, కాంటాక్ట్ తీగలు రెండింటికీ కలిపి 2,000 కిలోల లాగుడు కావాలి. ఐదోవంతు కాబట్టి 400 కిలోల బరువు చాలు. అది దిగుతూ ఎక్కుతూ ఉంటే లాగుడు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది, తీగ ఎండలో జారిపోదు. మధ్యాహ్నం ఒకసారి, తెల్లవారాక ఒకసారి అదే స్తంభాన్ని దూరం నుంచి చూడండి, తేడా తెలుస్తుంది. బరువు నేలకు ఆనుకుందన్నా, కప్పీ తాడు తుప్పుపట్టి బిగుసుకుందన్నా ఆ ముక్కకు లాగుడు పోయినట్టే. పాంటోగ్రాఫ్ చిక్కుకుని తీగను కిలోమీటరు పొడవునా లాగేసే ప్రమాదాలకు ఇలాంటివే కారణమవుతాయి.

మెము రైల్లో ఉన్నట్టుండి ఫ్యాన్లు ఆగి, కొద్దిసేపటికి మళ్ళీ తిరుగుతాయి. కరెంటు కోతా? – మహబూబాబాద్ పాఠకురాలు

కోత కాదు, న్యూట్రల్ సెక్షన్. రైల్వే సబ్‌స్టేషన్ గ్రిడ్ నుంచి మూడు ఫేజుల్లో రెండింటిని మాత్రమే తీసుకుని 25 వేల వోల్టులకు మారుస్తుంది. అన్ని సబ్‌స్టేషన్లూ అవే రెండు ఫేజులు వాడితే గ్రిడ్ ఒకవైపు ఒరిగిపోతుంది. కాబట్టి పక్కపక్క సబ్‌స్టేషన్లు వేర్వేరు జతలు తీసుకుంటాయి. ఆ రెండింటి తీగలు నేరుగా కలిస్తే మంటలే. అందుకని మధ్యలో కరెంటు లేని చిన్న ముక్క ఉంచుతారు. సబ్‌స్టేషన్లు 40 నుంచి 60 కిలోమీటర్లకొకటి ఉంటాయి కాబట్టి ఇది మీకు దారిలో మళ్ళీ మళ్ళీ తగులుతుంది. ఇంజను నుంచే బోగీలకు కరెంటు తీసుకునే ఎక్స్‌ప్రెస్‌లలో ఏసీ ఒక్క క్షణం నిట్టూర్చినట్టు ఆగేదీ ఇందుకే.

లోకో పైలట్‌కు 500 మీటర్ల ముందు ఒక బోర్డు, 250 దగ్గర ఇంకోటి, తర్వాత ‘డీజే తెరువు’ అనే బోర్డు కనిపిస్తాయి. డీజే అంటే ఇంజను ప్రధాన స్విచ్. దాన్ని తెరిచి, జోరు మీద దాటి, అవతల మళ్ళీ మూయాలి. తెరవడం మరచిపోతే మెరుపు లేచి ఇన్సులేటర్ కాలిపోవచ్చు. నెమ్మదిగా వచ్చిన గూడ్సు సరిగ్గా ఆ ముక్క కిందే ఆగితే కరెంటు అందక ఇరుక్కుంటుంది. అందుకే ఈ ముక్కను ఎత్తు ఎక్కేచోటా, సిగ్నల్ దగ్గరా పెట్టరు. ఆగే సిగ్నల్ దాటాక వీలైతే 1,600 మీటర్ల అవతల పెడతారు.

12 వేల హార్స్‌పవర్ గూడ్స్ ఇంజను ఒక్కటే 9 మెగావాట్లు, అంటే 25 వేల వోల్టుల మీద 360 ఆంపియర్లకు పైగా లాగుతుంది. ఒకే సబ్‌స్టేషన్ కింద అలాంటివి నాలుగైదు వస్తే చివరి బండి దగ్గరికి వోల్టేజి పడిపోతుంది. రద్దీ మార్గాల్లో ఇప్పుడు తెస్తున్న రెండింతల 25 వేల వోల్టుల పద్ధతి దానికి మందు. 50 వేల వోల్టుల మీద కరెంటు పంపి, దారిలో ఆటోట్రాన్స్‌ఫార్మర్లతో రైలుకు 25 వేలు అందిస్తారు. కరెంటు సగమవుతుంది, దారిలో పోయే నష్టమూ చాలా తగ్గుతుంది.

పట్టాల్లో కూడా కరెంటు ఉంటుందా? గేటు దాటేటప్పుడు భయమేస్తుంది. – సామర్లకోట గృహిణి

ఉంటుంది. కానీ నడిచి దాటితే ఏమీ కాదు. రైలు వాడుకున్న కరెంటు సబ్‌స్టేషన్‌కు పట్టాల ద్వారా, భూమి ద్వారా తిరిగి వెళుతుంది. పట్టాలు బాండ్లతో ఒకదానికొకటి కలిసి ఉన్నంతకాలం వాటి మీద వోల్టేజి తక్కువే. పట్టా కోసినప్పుడో, విరిగినప్పుడో, దొంగలు బాండు కోసుకుపోయినప్పుడో తెగిన రెండు కొసల మధ్యే ప్రమాదం. రెండు చేతులతో రెండు కొసలూ పట్టుకున్నవాడి గుండా ఆ కరెంటు దారి వెతుక్కుంటుంది. అందుకే ట్రాక్‌మన్లు పట్టా కోసేముందు తాత్కాలిక బాండు వేయకుండా రంపం పెట్టకూడదు.

అవే పట్టాల్లో సిగ్నళ్ళకు రైలు ఉందో లేదో చెప్పే చిన్న కరెంటు కూడా పోతుంది. డీజిల్ మార్గానికి తొలిసారి కరెంటు వేసేటప్పుడు ఆ సర్క్యూట్లన్నీ పై తీగలోని ఏసీ కరెంటుకు లొంగనివిగా మార్చాలి. స్తంభాల మీద పోయే పాత తీగలను భూమిలో కేబుళ్ళుగా దించాలి. విద్యుదీకరణ ఖర్చులో జనం లెక్కవేయని భాగం ఇదే.

వినాయక చవితికి మా ఊరి విగ్రహం గేటు దగ్గర ఆపేశారు. తీగకు ఇంకా చాలా దూరం ఉంది కదా! – విజయనగరం జిల్లా యువజన సంఘం

ఆపినవాళ్ళు మంచి పని చేశారు. గేటుకు ఇరువైపులా రోడ్డు మీద అడ్డంగా ఉండే ఇనుప దూలాన్ని హైట్ గేజ్ అంటారు. సుమారు 4.7 మీటర్ల ఎత్తు. తీగ కనీసం 5.5 మీటర్ల ఎత్తులో ఉంటుంది. మధ్యలో ఉన్న ఆ ఖాళీ భద్రత కోసమే, విగ్రహం కోసం కాదు. 25 వేల వోల్టులకు తాకనక్కర్లేదు, దగ్గరికి వస్తే గాలిలోంచే దూకుతుంది. మనిషైనా, చేతిలోని కర్రైనా రెండు మీటర్ల లోపలికి రాకూడదు. విగ్రహం మీద కూర్చుని తీగను వెదురుబొంగుతో పైకి నెట్టే అలవాటు వీధి కరెంటు తీగల దగ్గర చూస్తుంటాం. ఇక్కడ అలా చేస్తే బతకరు. గడ్డి ట్రాక్టర్లకూ, ట్రాలీ మీద తరలించే వరికోత యంత్రాలకూ ఇదే లెక్క. ఆగి ఉన్న గూడ్సు వ్యాగన్ ఎక్కి సెల్ఫీ దిగే పిల్లలు కాలిపోయేదీ తీగ పట్టుకుని కాదు, దాని దగ్గరికి తల పెట్టి.

2024 సెప్టెంబరు 1న కేసముద్రం–ఇంటికన్నె మధ్య పట్టాలు గాలిలో వేలాడటం టీవీలో చూశాం. కొత్త లైను వేస్తే అలాంటివి పెరుగుతాయా? – వరంగల్ పాఠకుడు

సరిగ్గా వేస్తే పెరగవు. నీరు గట్టు మీదుగా పొర్లినప్పుడు ముందు కంకర పోతుంది, తర్వాత మట్టి కోతపడుతుంది, స్లీపర్లతో బిగించిన పట్టాలు మాత్రం ఊయల్లా మిగులుతాయి. కొత్త లైను వేసేటప్పుడు చూడాల్సినవి రెండు. పాత కల్వర్టును పొడిగించేటప్పుడు పాత తూముకన్నా సన్నంగా గానీ, మట్టం ఎత్తుగా గానీ వేయకూడదు. పని మిగుల్చిన మట్టి కుప్పలు వాగు దారిలో వానాకాలానికి ముందే తీసేయాలి. ఇక పాత గట్టుకు కొత్త మట్టిని ఊరికే పక్కన పోస్తే అది విడిగా జారిపోతుంది. పాత వాలును మెట్లు మెట్లుగా కోసి, కొత్త మట్టిని పలచని పొరలుగా పోస్తూ రోలరుతో అణచాలి. అప్పుడే రెండూ ఒక్కటవుతాయి.

130 కిలోమీటర్ల వేగం అన్నారు. మా ప్రయాణం మాత్రం ఎప్పటిలాగే ఉంది! – నెల్లూరు పాఠకుడు

2022 సెప్టెంబరులో విజయవాడ–గూడూరు సహా దక్షిణ మధ్య రైల్వేలోని ప్రధాన మార్గాల్లో 130కి అనుమతి వచ్చింది. అది గరిష్ఠం, సగటు కాదు. స్టాపులు తగ్గవు కదా. మెయిన్ లైనులో నేరుగా దూసుకుపోయే బండికి లాభం, ప్రతి స్టేషన్‌లో లూప్‌లోకి మళ్ళే బండికి కొద్దిగానే.

కొత్త లైను మీద రైలు నడవొచ్చని చివరికి ఎవరు చెబుతారు? – రాజమహేంద్రవరం పాఠకుడు

రైల్వే భద్రతా కమిషనర్. ఆయన రైల్వే శాఖ కింద కాదు, పౌర విమానయాన శాఖ కింద పనిచేస్తాడు. కట్టినవాళ్ళే పాస్ మార్కులు వేసుకోకుండా ఈ ఏర్పాటు. మోటారు ట్రాలీ మీద వంతెనలు, పాయింట్లు, తీగ ఎత్తు చూసి, తర్వాత వేగ పరీక్ష చేయిస్తాడు. దానికి ముందే, ఫలానా రోజు నుంచి ఈ తీగలు ఎల్లవేళలా ఛార్జి అయి ఉన్నట్టు భావించాలని రైల్వే బహిరంగ ప్రకటన ఇస్తుంది. మీ ఊరి గోడ మీద కనిపిస్తే చదవండి.

కాకి కరెంటు తీగ మీద కూర్చుంటే ఏమీ కాదు. మరి కాకి గూళ్ళు ఎందుకు పీకేస్తారు? – బాపట్ల నుంచి ఏడో తరగతి విద్యార్థి

తీగ మీద కూర్చున్న కాకి రెండు కాళ్ళూ ఒకే వోల్టేజి మీద ఉంటాయి, కాబట్టి దాని గుండా కరెంటు పోదు. కానీ గూడు తీగ మీద కట్టదు. మాస్టుకూ కాంటిలివర్ గొట్టానికీ మధ్య, ఇన్సులేటర్ పక్కన ఉన్న మూల దానికి హాయిగా అనిపిస్తుంది. గొట్టం 25 వేల వోల్టుల మీద, మాస్టు నేలతో. కాకి ఇప్పుడు పుల్లలే కాదు, ఇనుప తీగముక్కలు కూడా ఏరుకొస్తుంది. ఎండలో ఏమీ కాకపోయినా, మొదటి వానకు తడిసిన గూడు ఆ రెండింటినీ కలిపేస్తుంది. సబ్‌స్టేషన్ ట్రిప్పవుతుంది, ఆ సెక్షన్‌లో రైళ్ళన్నీ నిలబడతాయి. గూళ్ళు కట్టే కాలంలో టవర్ వ్యాగన్ వేసుకుని వాటిని తీస్తూ పోతారు, దానికీ పవర్ బ్లాకు కావాల్సిందే. రెండు రోజుల్లో కాకి అక్కడే మళ్ళీ మొదలుపెడుతుంది.